గాజుతొట్టిలో మీసాల చేపల సంసారము

మృగశిర కార్తె ప్రవేశించి వారము దినములైనది. ఆ రాత్రి మల్కాజ్‌గిరిలో మంచి వాన కురిసినది. తెల్లవారి లేచి హాలులోని గాజుతొట్టి వంక చూచునప్పటికి ముందరి అద్దమునకు ఆవగింజలంత ముత్యములు అంటించినట్లు నలుబది, ఏబది గ్రుడ్లు కనిపించినవి. తొట్టి అడుగున మా మీసాల చేపలు ఏమియు ఎరుగనట్లు ఇసుకను కెలకుకొనుచు తిరుగుచున్నవి. ఏడాదిగా మేము ఎదురుచూచిన శుభవార్త అది. కాని ఆ గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలలో ఒక్కటియు బ్రతుకలేదు. శ్రావణమాసములో మరియొక వాననాడు పెట్టిన గ్రుడ్ల పిల్లలు బ్రతికినవి. ఆ రెండు కాన్పుల నడుమ మేము నేర్చుకొన్న సంగతులే నేటి మా ప్రసంగము.

మీసాల చేప అనగానే శ్రోతలకు జెల్లయు, వాలుగయు స్ఫురించును. అవి కూరచేపలు. మేము చెప్పబోవునది వాటికి దూరపు చుట్టము. పేరు కోరిడోరస్, అంగడివారు ముద్దుగా కోరీ అందురు. జన్మస్థానము దక్షిణ అమెరికా. నిడివి రెండు, రెండున్నర అంగుళములు. పొలుసులకు బదులు ఇరుప్రక్కల రెండేసి వరుసల ఎముకపలకలు కవచమువలె అమరియుండును. గ్రీకు భాషలో దాని పేరునకు శిరస్త్రాణము వంటి చర్మము గలది అని అర్థము. మన అంగళ్లలో ముఖ్యముగా దొరకునవి రెండు రకములు. ఒకటి కంచువన్నెది, దానిలోనే ఎఱ్ఱని కన్నులు గల తెల్లరకము గూడ కలదు. రెండవది మిరియపు పొడి చల్లినట్లుండు చుక్కల చేప. ఈ చుక్కల చేపను బీగిల్ నౌకాయాత్రలో చార్లెస్ డార్విన్ సేకరించి తేగా, 1842లో లెనర్డ్ జెనిన్స్ శాస్త్రీయముగ వర్ణించెను. 19వ శతాబ్దములోనే పారిస్ నగరమున కార్బొన్నియే అను నాతడు దీనిచేత గాజుతొట్టిలో గ్రుడ్లు పెట్టించెను. 2024లో శాస్త్రజ్ఞులు ఈ కుటుంబమును వేరుచేసి, పై రెండు రకములకును క్రొత్త శాస్త్రీయ నామములు ఏర్పరచిరి. అంగటిలో మాత్రము పాత పేరే నడచుచున్నది.

ఈ చేపకు ఒక చిత్రమైన అలవాటు కలదు. ఉన్నట్లుండి అడుగునుండి బాణమువలె పైకి వచ్చి, ఒక్క గ్రుక్క గాలి మ్రింగి, తిరిగి అడుగునకు పోవును. అది జబ్బు కాదు. మ్రింగిన గాలిలోని ప్రాణవాయువును దాని ప్రేగు గ్రహించును. అందుచేత తొట్టిని అంచువరకు నింపరాదు. నీటికిని మూతకును నడుమ రెండంగుళములైన చోటు విడువవలెను.

తొట్టి ఎంతటిది కావలెను? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలది ఆరు చేపలకు చాలును. అట్టిదానిలో నిండుగ పోసినచో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. కోరీలు గుంపుతో గాని సుఖముగ నుండవు. ఒకటి రెండు తెచ్చి వేయుట వాటిని శిక్షించుటయే. అడుగున మెత్తని ఇసుక పలుచగా పరచవలెను. అవి మీసములతో తడవి ఆహారమును వెదకికొనును గనుక, మొనదేలిన గులకరాళ్లును, మురికి పేరుకొన్న అడుగును వాటి మీసములకు హాని చేయును.

చేపలకంటె ముందుగా నీటిని గురించి చెప్పవలెను. మా యింట రెండు నీళ్లు వచ్చును. నల్లా నీటిలో క్లోరిన్ ఉండును. అది చేపల మొప్పలకు విషము. బకెట్టులో పట్టి ఒక దినమంతయు గాలి పంపు ఆడించిన పిమ్మట వాడుకొనవలెను. బోరు నీటిలో క్లోరిన్ లేదు గాని అది కఠినజలము. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుటయే సాక్ష్యము. పెద్దచేపలు దానికి అలవాటుపడగలవు. గ్రుడ్లు పొదుగుటకు మెత్తని నీరు మేలు. మేము నల్లా నీరే ఎక్కువగా వాడుదుము. ఇక క్రొత్త తొట్టిలో నీరు పోసిన దినముననే చేపలను వేయుట పెద్ద పొరపాటు. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియాను మొదట నైట్రైటుగను, పిదప అంతగా హానిలేని నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు స్పాంజి ఫిల్టరులో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. పెరుగునకు తోడు వేసి ఆగినట్లు, తొట్టి విషయమునను ఆగవలసినదే.

మన యెండకాలము ఈ చేపలకు గడ్డుకాలము. వాటికి 22 మొదలు 26 డిగ్రీల వేడి సుఖము. ఏప్రిల్, మే నెలలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టి నీరు 30 డిగ్రీలు మించును. వేడెక్కినకొలది నీటిలో ప్రాణవాయువు తగ్గును. మేము అద్దపు మూతకు బదులు వలగుడ్డ కప్పి, బల్లపంకా గాలి నీటిపై తగులునట్లు పెట్టితిమి. దానివలన నీరు కొంత ఆవిరియై తక్కినది చల్లబడినది. రంజను కుండలో నీరు చల్లబడుటకు కారణమైన ధర్మమే ఇదియును.

మగ ఆడ గుర్తించుట ఎట్లు? పైనుండి చూడవలెను. ఆడుచేప కొంచెము పెద్దదియై, నడుము వెడల్పుగ నుండును. మగచేప సన్నము. ఒక్క ఆడుదానికి రెండు మగవి చొప్పున ఉంచుట మంచిది. గ్రుడ్లు పెట్టవలెనన్న ముందు రెండు మూడు వారములు బలమైన ఆహారము పెట్టవలెను. తరిగిన వానపాములు, దోమ పిల్లపురుగులు వాటికి విందు. ఇక్కడ ఒక హెచ్చరిక. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ ఊరిలో చేపల పేరు చెప్పి దోమలను పెంచుట తగదు. డాబామీది తొట్టిలో చేరిన పురుగులను వడగట్టి ఆనాడే చేపలకు వేసి, మిగిలిన నీటిని పారబోయవలెను. వారము దినములు ఏమరినచో అవి రెక్కలు వచ్చి ఎగిరిపోవును.

వానకాలపు రాకయే వీటికి పెండ్లి ముహూర్తము. జన్మస్థానములో వానలు కురిసి నదులలో క్రొత్తనీరు, చల్లనీరు చేరినప్పుడు అవి గ్రుడ్లు పెట్టును. తొట్టిలో మనము ఆ వానను అనుకరింపవలెను. మేము సిద్ధము చేసిన నల్లా నీటిని రెండు రంజనులలో నింపి రాత్రియంతయు ఉంచి, తొట్టిలోని నీటిలో సగము తీసివేసి, మూడు నాలుగు డిగ్రీలు చల్లగానున్న ఆ నీటిని మెల్లగా పోసితిమి. మేఘములు క్రమ్మిన దినమును చూచి చేసినచో ఫలితము త్వరగా కనిపించును.

తరువాత తొట్టిలో పరుగులు మొదలగును. మగవి ఆడుదానిని వెంబడించును. తుదకొక మగది ప్రక్కకు ఒరిగి నిలువగా, ఆడుది దాని కడుపుప్రక్కన నోరు ఆనించును. రెండును కలిసి ఆంగ్లాక్షరము ‘టి’వలె కనిపించును. ఆ క్షణమున ఆడుది మగదాని వీర్యమును మ్రింగుననియు, అది ప్రేగుగుండ సాగి వచ్చి, పొట్టక్రింది రెక్కలను దోసిలివలె ముడిచి పట్టుకొన్న గ్రుడ్లను ఫలింపజేయుననియు 1995లో జపాను శాస్త్రజ్ఞులు కంచువన్నె చేపయందు పరిశోధించి ప్రకటించిరి. పిమ్మట ఆడుది అద్దమును నోటితో శుభ్రముచేసి, గ్రుడ్లను అంటించి, మరల మగదానికడకు పోవును. ఇట్లు గంటల తరబడి సాగును.

ఆ పని ముగిసిన వెంటనే ఆ తల్లిదండ్రులే గ్రుడ్లను తినుటకు వెనుదీయవు. కనుక గంట సేపటికి గ్రుడ్లు గట్టిపడిన తరువాత, వ్రేలితో మెల్లగా దొర్లించి తీసి, అదే తొట్టి నీటితో నింపిన చిన్న గాజుపాత్రలో వేయవలెను. అందు గాలి బుడగలు సన్నగా ఆడుచుండవలెను. తెల్లబడిన గ్రుడ్లు ఫలింపనివి. వాటికి బూజుపట్టి ప్రక్కవాటికి ప్రాకును. వాటిని ప్రతిదినము ఏరివేయవలెను. మా వీధిలోని బాదము చెట్టు క్రింద రాలిన ఎండుటాకును కడిగి ఒక ముక్క వేసితిమి. ఆకునుండి దిగు ఎఱ్ఱని రసము బూజును కొంత అరికట్టును. 25 డిగ్రీల వేడిమిలో మూడు మొదలు అయిదు దినములకు పిల్లలు వెలువడును.

ఇక మా అపరాధము. కనురెప్ప వెండ్రుకవలె కనిపించు ఆ పిల్లలను చూచి మేము ఆత్రపడితిమి. పిల్లకు మొదటి రెండు మూడు దినములు తన పొట్టక్రింది సొనసంచియే ఆహారము. అప్పుడు ఏమియు వేయరాదు. మేమో, ఆకలిగొనునేమోయని మొదటి దినముననే ఉడికిన కోడిగ్రుడ్డు సొనను నలిపి చల్లితిమి. రాత్రికి మరికొంత చల్లితిమి. అది తినువారు లేక అడుగున పేరుకొని క్రుళ్లినది. తెల్లవారునప్పటికి నీరు పాలవలె మారినది. పిల్లలన్నియు అడుగున తెల్లగా పడియుండినవి. కరెంటు పోలేదు, ఎండ లేదు, నీటిలో దోషము లేదు. వాటిని చంపినది మా ప్రేమ. ఆ పాత్రను కడుగుటకు ఆనాడు మా యింట ఎవరికిని చేతులు రాలేదు.

రెండవ కాన్పునకు పద్ధతి మార్చితిమి. సొనసంచి కరగువరకు ఏమియు వేయలేదు. ఈలోగా లీటరు నీటికి సుమారు 25 గ్రాముల ఉప్పు కలిపి, ఆర్టీమియా అను ఉప్పునీటి రొయ్యజాతి జీవి గ్రుడ్లను అందులో వేసి గాలి ఆడించితిమి. ఒక దినము, దినమున్నరలో నారింజరంగు సూక్ష్మజీవులు వెలువడినవి. వాటిని సన్నని బట్టలో వడగట్టి, మంచినీట కడిగి, పూటకు కొన్ని చుక్కల చొప్పున వేసితిమి. తిన్న పిల్లల పొట్టలు నారింజరంగుతో మెరయుట కంటికి కనిపించును. కడుపు నిండినదో లేదో ఊహింప నక్కరలేదు. ప్రతిదినము సన్నని గొట్టముతో అడుగునున్న మురికిని పీల్చివేసి, తీసినంత నీటిని అదే వేడిమి గలదానిని పోసితిమి. అడుగుపై పట్టు జిగురుపొరయే ఈ పిల్లలకు మృత్యువు. నెల గడచునప్పటికి 41 పిల్లలు మిగిలినవి. మీసములు మొలచి, చిన్న కవచములు తొడిగి, పెద్దలవలెనే ఇసుక కెలకుటకు మొదలిడినవి. వీటిని పట్టునప్పుడు వలను వాడరాదు, రెక్కముండ్లు చిక్కుకొనును. గాజు గ్లాసుతో నీటితో సహా పట్టవలెను.

పిల్లలు బ్రతికిన పిమ్మట క్రొత్త చిక్కు వచ్చినది. మా రెండడుగుల తొట్టికి 41 పిల్లలు ఎక్కువ. మా ప్రక్కింటి బాలుడు వచ్చి చూచి, “అంకుల్, ఇన్ని పిల్లలను ఏం జేస్తరు? సఫిల్‌గూడ చెరువుల ఇడిచిపెడదాం!” అన్నాడు. వాని మాటలో జాలియే గాని దోషము లేదు. ఎందరో పెద్దలు చేయు పనియే అది. అంగళ్లలో అద్దము శుభ్రము చేయునని వ్రేలెడు పిల్లగా అమ్ము సక్కర్ చేప అడుగు దాటి పెరుగును. అదియు దక్షిణ అమెరికా మీసాల చేపయే. తొట్టిలో పట్టనప్పుడు జాలిపడి చెరువులో విడిచినారు. నేడది మన జాలరుల వలలు చించుచున్నది. గట్టులలో బొరియలు త్రవ్వుచున్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కరగిన డి.ఎన్.ఏ. ఆనవాళ్లను పరీక్షించి, తూర్పు కనుమల జలాశయములలో అది వ్యాపించినదని తేల్చిరి. ఆఫ్రికా మీసాల చేప పెంపకమును భారత ప్రభుత్వము 2000లో నిషేధించినది. మా కోరీ ఇంతటి రాకాసి కాదు. అయినను మన చెరువులలో ఏది ఏమగునో విడిచిన పిమ్మట తెలిసికొన్న లాభమేమి? చెరువు అలుగు పారిన నీరు నాలాలగుండ మూసీని చేరును. మూసీ వాడపల్లికడ కృష్ణలో కలియును. చెరువులో వేసినది చెరువులోనే ఉండదు.

ఈ మాటలు ఆ బాలునికి చెప్పితిమి. పిల్లలను తెలిసినవారికి ఆరేసి చొప్పున పంచితిమి. తొట్టి సిద్ధముగా లేనివారికి ఇయ్యలేదు. కొన్నిటిని అంగటివాడు తీసికొని బదులుగా చేపల మేత ఇచ్చెను. ఆ తరువాత పెట్టిన గ్రుడ్లను మేము తీయలేదు. పెంచలేనప్పుడు పుట్టింపకుండుటయు పెంపకములో భాగమే. ఈ చేప చక్కగా చూచుకొన్నచో అయిదేండ్లకు పైగా జీవించును; పుట్టించినవాడు అంతకాలమునకు పూచీ వహించినట్లే.

ఆ బాలుడును ఆరు పిల్లలను తీసికొనిపోయినాడు. ముందుగా ఆరు వారములు ఖాళీ తొట్టి నడిపి చూపిన తరువాతనే ఇచ్చితిమి. మరుసటి యేడు మృగశిర దాటిన ఒక వాన ఉదయమున వాడు తడిసిన తలతో పరుగెత్తుకొని వచ్చినాడు. “అంకుల్, గ్రుడ్లు పెట్టినయ్! కోడిగ్రుడ్డు సొన వేయాల్నా?” అని అడిగినాడు. చేతిలో ఉడికిన గ్రుడ్డు గూడ ఉన్నది. దానిని వానిచేతనే తినిపించి పంపితిమి.