పులికాట్: ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట ఎవరెవరు బతుకుతున్నారు?

ఇవాళ మనం పులికాట్ సరస్సు గురించి మాట్లాడుకుందాం.

ఈ ఎపిసోడ్ రికార్డు చేస్తున్నది అమీర్‌పేటలో. మెట్లు దిగితే గల్లీకో కోచింగ్ సెంటర్. అక్కడ చదువుకునే ఎవరిని అడిగినా టక్కున చెప్తారు, "దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్, మొదటిది చిలికా" అని. ఒక మార్కు బిట్ అది. బిట్ కరెక్టే. కానీ ఆ నీళ్లు ఏడాది పొడుగునా ఒకే ఉప్పుతో ఉండవు. నెలనెలకీ మారతాయి. అక్కడి మొక్క, చేప, పక్షి అన్నీ ఆ మార్పు మీదే బతుకుతున్నాయి. ఇవాళ చెప్పదలుచుకున్నది అదే.

పంజాగుట్ట నుంచి కాస్త ముందుకెళ్తే హుస్సేన్ సాగర్ వస్తుంది కదా. అది మనుషులు కట్ట వేసి ఆపిన నీరు. పులికాట్‌కి కట్ట వేసింది సముద్రమే. అలలు తెచ్చిపోసిన ఇసుక మేట వేసి, లోపలి నీటికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగా నిలబడింది. మన రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఆ ఇసుక దీవే. చెన్నై రైల్లో గూడూరు దాటాక సూళ్లూరుపేటలో దిగి, శ్రీహరికోట రోడ్డు ఎక్కితే రెండు పక్కలా కనిపించేది పులికాట్. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దక్షిణం కొస తమిళనాడులో. పాత తెలుగు పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది.

ఇంత పెద్ద సరస్సుకి సగటు లోతు ఎంతో తెలుసా? సుమారు ఒక్క మీటరు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి ఉప్పు బాగా తగ్గిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి నీరు ఆవిరై, కొన్ని చోట్ల సముద్రం కన్నా ఎక్కువ ఉప్పు తేలుతుంది.

మరి ఇలాంటి చోట ఏ మొక్క బతుకుతుంది? మడచెట్టునే తీసుకోండి. ఒంట్లో చేరిన ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి, వేళ్లని పైకి పొడుచుకొచ్చేలా పెంచి వాటితో ఊపిరి తీసుకుంటుంది. ఒడ్డున పెరిగే ఉప్పు మొక్కలు ఇంకోలా చేస్తాయి. ఆకులని దళసరి చేసుకుని అందులో నీరు దాచుకుంటాయి. నీళ్ల అడుగున సముద్రపు గడ్డి. అందులోనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు దాక్కుని పెరుగుతాయి.

ఇప్పుడు రొయ్య సంగతి. గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు అలల పోటుతో సరస్సులోకి వస్తాయి. ఇక్కడ మేత దండిగా ఉంటుంది, పెద్ద చేపల బెడద తక్కువ. పెరిగాక మళ్లీ సముద్రానికి పోతాయి. పండుగప్ప చేపదీ దాదాపు అదే దారి. అన్నట్టు పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది! మండపీతలు, ఆలిచిప్పలు కూడా ఇక్కడివే. మత్స్యకారుల, యానాదుల కుటుంబాలు ఎన్నో ఈ నీటి మీదే బతుకుతున్నాయి.

ఇక పక్షులు. చలికాలంలో వేల సంఖ్యలో ఫ్లెమింగోలు వస్తాయి. లోతు తక్కువ కావడమే వాటికి కావాల్సింది. పొడుగు కాళ్లతో నిలబడి, తల కిందులుగా ముక్కు ముంచి, నీటిని వడగట్టి నాచునీ చిన్న చిన్న జీవులనీ తింటాయి. ఆ తిండి వల్లే వాటికి గులాబి రంగు. గూడబాతులు మాత్రం గూళ్లు పెట్టేది పక్కనే ఉన్న నేలపట్టు మంచినీటి చెరువులో, నీళ్లలో నిలబడే కడప చెట్ల మీద. మేతకి పులికాట్‌కి వస్తాయి. నేలపట్టు, పులికాట్ రెండూ 1976లోనే పక్షుల అభయారణ్యాలయ్యాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని అక్కడి రైతులు వాటిని ఆదరంగా చూస్తారు.

ఇంతా చెప్పాక అసలు సమస్యకి వద్దాం. ఈ వ్యవస్థ మొత్తానికీ ప్రాణం ముఖద్వారం. ఉత్తరాన తూపిలిపాళెం, మధ్యలో రాయదొరువు, దక్షిణాన పులికాట్ పట్టణం దగ్గర ఉన్నాయవి. ఇసుక మేట వేసి పూడిపోతుంటాయి. పూడితే ఏమవుతుంది? రొయ్యపిల్ల లోపలికి రాలేదు. ఉత్తరం వైపు నీరు ఎండి ఉప్పు బీడు అవుతుంది. మేత లేకపోతే పక్షి ఎందుకు దిగుతుంది? సరస్సుకి అడ్డంగా వేసిన రోడ్డు కట్ట కూడా నీటి పారుదలని తగ్గించింది. ముఖద్వారాలు తెరవమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు.

తెరిస్తే బాగుపడుతుందా అంటే, చిలికాని చూడండి. అక్కడా ఇదే కష్టం వచ్చింది. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త దారి తవ్వారు. చేపలు, రొయ్యలు తిరిగొచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి చిలికా బయటపడింది. పులికాట్‌కి అచ్చంగా అదే మందు సరిపోతుందని నేననను. రెండింటి ఇసుక వేరు, నదులు వేరు. ఒకసారి తవ్వి వదిలేస్తే మళ్లీ పూడుతుంది. కానీ దారి తెరిస్తే సరస్సు కోలుకోగలదని మాత్రం చిలికా చూపించింది.

ఈసారి పంజాగుట్టలో ఏ నెల్లూరు మెస్సుకో వెళ్లి పులుసులో పండుగప్ప ముక్క వేయించుకున్నప్పుడు, ఆ చేప జాతి పెరగడానికి ఇలాంటి సరస్సు ఒకటి కావాలని, ఆ సరస్సుకి సముద్రంలోకి ఒక దారి కావాలని గుర్తు చేసుకోండి. బిట్ రాసేవాళ్లు "రెండో అతిపెద్దది" అని రాయండి, మార్కు వస్తుంది. అది రెండో అతిపెద్దదిగానే మిగలాలంటే మాత్రం ఆ దారి మూసుకుపోకూడదు.

ఇవాళ్టికి ఇంతే. మళ్లీ కలుద్దాం, సెలవు.