రేషన్ షాపు నిలబెట్టుకుందాం
(సమాఖ్య వార్షిక మహాసభలో అధ్యక్షురాలి ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు కార్యదర్శిగారు చెప్పారు. నేను రేషన్ షాపు గురించి చెబుతాను. ఎక్కడైనా డీలరుని సస్పెండ్ చేస్తే ఆ షాపుని పక్క డీలరుకో, మహిళా సంఘానికో తాత్కాలికంగా అప్పగించడం చూస్తున్నాం. 2013 ఆహార భద్రత చట్టం కూడా షాపులు ఇవ్వడంలో స్వయం సహాయక సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వమంది. షాపు రావడం గౌరవమే. దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం.

షాపు ఎందుకు పోతుంది? ఈపాస్ మిషన్లో చూపించే నిల్వకీ, షాపులో ఉన్న బస్తాలకీ తేడా వస్తే పోతుంది. వేలిముద్ర వేయించుకుని బియ్యం బదులు డబ్బులు చేతిలో పెడితే పోతుంది. కాటా మోసం చేస్తే పోతుంది. తనిఖీలో పట్టుబడితే సరుకు స్వాధీనం చేసుకుని, 1955 నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు పెడతారు. షాపు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది ఆర్డీవో గారు చూస్తారు. మనకైతే నందిగామ. ఈ రెండూ వేరు వేరు. ఒక దానికి జవాబిచ్చాం కదా అని రెండోది వదిలెయ్యకూడదు.

అందుకని డీలర్లుగా ఉన్న అక్కలకి నా మాట. గోదాము నుంచి వచ్చిన బస్తాలు దించుకునేటప్పుడే కాటా వెయ్యండి. తక్కువొస్తే అప్పుడే కాగితం మీద రాయించండి. తర్వాత చెబితే ఆ తరుగు మన నెత్తినే పడుతుంది. రోజూ సాయంత్రం నిల్వ రాసుకోండి. నోటీసు వస్తే భయపడి దాచిపెట్టొద్దు. తేదీ చూసుకుని, గడువులోగా రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మన మాట వినకుండా షాపు రద్దు చెయ్యకూడదు. రద్దు చేసినా పైఅధికారులకి అప్పీలు చేసుకోవచ్చు.

ఇక కార్డున్న మనందరికీ ఓ మాట. 2023 జనవరి నుంచి ఈ బియ్యం ఉచితం. మనిషికి నెలకి 5 కిలోలు. పదో పరకో వస్తుందని అమ్ముకుంటే, ఆ దందాలో ముందుగా పోయేది మన ఊరి షాపే. 2025 జూన్ నుంచి బళ్లు ఆగి సరుకు మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకి, వికలాంగులకి ఇంటికే ఇవ్వాలి. షాపు మూతపడితే మనం పక్క ఊరి షాపులో తెచ్చుకోగలం. మంచం దిగలేని ముసలమ్మకి ఎవరు తెస్తారు?

తూకం తగ్గితే నిలబడి అడగండి. వినకపోతే 1967కి ఫోన్ చెయ్యండి. డీలరు మన సంఘం మనిషైనా సరే, మొహమాటపడొద్దు.

ఇక మీదట ప్రతి గ్రామ సమాఖ్య నెలవారీ సమావేశంలో రేషన్ షాపు లెక్క కూడా చదివించాలని కోరుతున్నాను. పొదుపు పుస్తకం అందరి ముందూ తెరిచి చూసుకోవడం అలవాటైన మనకి ఇది పెద్ద పని కాదు.