దగ్గును దాచకండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో పంతులును. టీబీ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడగగానే ఒప్పుకున్నాను. కారణం మా ఇంట్లోనే ఉంది.

నిజామాబాద్‌లో మా ఆపా బీడీలు చుట్టేది. రెండు నెలలు దగ్గింది. అడిగితే "తంబాకు దుమ్ము" అనేది. సాయంత్రం కాగానే జ్వరం. చేతి గాజులు వదులైపోయాయి. అందరికీ అనుమానమే. కాని పెద్దమ్మాయి సంబంధం ఖాయమయ్యేదాకా ఎవరూ నోరు మెదపలేదు. తరగతిలో క్షయ పాఠం చెప్పే నేనూ ఊరుకున్నాను. దగ్గులో నెత్తురు పడ్డాక గాని దవాఖానాకు తీసుకుపోలేదు. అల్లా దయవల్ల మందులతో నయమైంది. కాని ఈలోగా పక్కలో పడుకునే చిన్నవాడికి అంటుకుంది. తొమ్మిదేళ్ళ పసివాడు ఆరు నెలలు మాత్రలు మింగాడు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

టీబీ పేరు మన ఆడవాళ్ళందరికీ తెలుసు. భయమూ ఉంది. కాని ఆ భయం రోగం మీద కంటే లోకం మీదనే ఎక్కువ. ఇది వంశపు రోగమూ కాదు, శాపమూ కాదు. దీనికి కారణమైన క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టాడు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవారు దగ్గినా తుమ్మినా ఆ క్రిమి గాలిలో కలుస్తుంది. కంచాలు, గ్లాసుల వల్ల అంటదు. మనమేమో రోగి కంచం వేరు చేస్తాం, గది కిటికీ మాత్రం తెరవం!

రోగిని ఇంటినుండి వెళ్ళగొట్టనక్కరలేదు. ఇంట్లో ఉండి మందులు వాడినా ఆస్పత్రిలో ఉన్నవారిలాగే నయమవుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లోనే తేల్చింది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు – వీటిలో ఏది కనిపించినా తెమడ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానాలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలి. మాత్రల వల్ల మూత్రం ఎర్రగా వస్తే భయపడి మానకండి, అది మందు రంగు. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడుతుంది. అప్పుడు ఆపితే రోగం తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. రంజానులో రోజా పేరు చెప్పి మాత్ర మానవద్దు. రోగికి మినహాయింపు ఉంది, నయమయ్యాక రోజాలు తీర్చుకోవచ్చు.

పాలిచ్చే తల్లి మందులు వాడుతూ, ముక్కూ నోరూ కప్పుకొని బిడ్డకు పాలివ్వవచ్చు. ఇంకొక మాట, అత్తగార్లు వినాలి. టీబీ గర్భాశయానికి కూడా వస్తుంది, దానివల్ల సంతానం కలగకపోవచ్చు. కోడలిని గొడ్రాలని తిట్టేముందు డాక్టరుకు చూపించండి.

ఇక అలవాట్లు. కిటికీలు తెరవండి, ఎండ రానివ్వండి. దగ్గేటప్పుడు దుపట్టా అడ్డం పెట్టుకోండి. ఉమ్మి మూత ఉన్న డబ్బాలో వేయండి. పుట్టిన బిడ్డకు బీసీజీ టీకా వేయించండి. ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే అందరూ పరీక్షకు పోవాలి. రోగం లేనివారికి కూడా డాక్టరు నివారణ మాత్రలు ఇవ్వవచ్చు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు మానండి. రోగి తిండి ఖర్చుకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుండి 1000 చేసింది. అడిగి తీసుకోండి.

మగవారికి ఒక మనవి. ఆడవాళ్ళు దగ్గును దాచేది మన ముఖాలు చూసే. "నడు, దవాఖానాకు పోదాం" అనే మాట మొదట మన నోట రావాలి.

మా మేనకోడలికి ఆ సంబంధం తప్పిపోయింది. మరుసటి ఏడు మరొకటి వచ్చింది. తల్లికి టీబీ వచ్చి నయమైందని ముందే చెప్పాం. నిఖా జరిగింది. ఆపా దగ్గరుండి పిల్లను సాగనంపింది. ఇంకో నెల దాచి ఉంటే ఆ రోజు చూసేదో లేదో!

అల్లా అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.