పున్నమి పున్నమికీ బ్యాటరీ నిండాలి



ముందుగా ఒక పొడుపు కథ.

నోరు లేదు, నీళ్లు తాగుతుంది. కాళ్లు లేవు, బండిని కదిలిస్తుంది. పని చేస్తే బతుకుతుంది. మూల కూర్చోబెడితే చచ్చిపోతుంది. ఏమిటది?

అదే బ్యాటరీ.

పొందూరు అనగానే అందరికీ సన్న ఖద్దరు గుర్తుకొస్తుంది. వలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. చేత్తో రాట్నం తిప్పి నూలు తీస్తారు. ఆ పనికి కరెంటు అక్కర్లేదు. కానీ అదే పొందూరు చుట్టూ పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. రోడ్డు మీద ఆటోలు నడుస్తున్నాయి. ఇళ్లలో ఇన్వర్టర్లు ఉన్నాయి. వీటన్నిటికీ బ్యాటరీయే ప్రాణం.

బండి నడిచే రోజుల్లో బ్యాటరీ గురించి ఎవరూ బెంగ పెట్టుకోరు. బండి ఆగిన రోజుల్లోనే దానికి జబ్బు వస్తుంది. అదెలాగో చూడండి.

ఒక రైతు కథ

పొందూరు దగ్గర ఒక ఊళ్లో ఒక రైతు ఉన్నాడనుకోండి. అప్పు చేసి ట్రాక్టరు కొన్నాడు. మినుములు, పెసలు ఇంటికి చేరాయి. ఇక దుక్కి పని లేదు. ట్రాక్టరును పాకలో పెట్టాడు. మీద టార్పాలిన్ కప్పాడు. తాళంచెవి మేకుకి తగిలించాడు.

ఉగాది వెళ్లింది. ఎండలు ముదిరాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలాయి. మృగశిర రాగానే మంచి వాన పడింది. నేల పదునెక్కింది. రైతు సంబరంగా వెళ్లి తాళంచెవి తిప్పాడు.

టక్... టక్... అంతే. ఇంజను లేవలేదు.

నలుగురు కలిసి తోశారు. బురదలో బండి కదల్లేదు. మెకానిక్కు వచ్చి చూశాడు.

"బేటరీ సచ్చిపోనాది బావూ. ఎన్నాళ్లై ఒగ్గేసినావు?"

"మూడు నెలలై ముట్టనేదు. కొత్తదే కదా, ఏటయ్యింది?"

"ముట్టనేదు కాబట్టే పోనాది" అన్నాడు మెకానిక్కు.

విత్తనాలకు దాచిన డబ్బు తీసి కొత్త బ్యాటరీ కొన్నాడు. పట్నం వెళ్లి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఈలోగా ఎండ కాసింది. పదును ఆరిపోయింది. పోయింది బ్యాటరీ ఒక్కటే కాదు. అదను కూడా పోయింది.

వాడకపోతే ఎందుకు చెడుతుంది?

బ్యాటరీ లోపల సీసం పలకలు ఉంటాయి. వాటి చుట్టూ గంధకామ్లం కలిపిన నీళ్లు ఉంటాయి. వాడుకలో దీన్ని యాసిడ్ అంటారు. 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన మొదటి సీసం బ్యాటరీ తయారు చేశాడు. ఇవాళ్టి ట్రాక్టరు బ్యాటరీ కూడా ఆ సూత్రం మీదే పని చేస్తుంది.

కరెంటు తగ్గుతున్న కొద్దీ పలకల మీద తెల్లని పొర పడుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ పొర కరిగిపోతుంది. చెయ్యకుండా వదిలేస్తే గట్టిపడిపోతుంది. అట్ల పెనం మీద మాడు చూడండి. అప్పుడే తోమితే పోతుంది. నెల వదిలేస్తే గోకినా పోదు. ఇదీ అంతే.

బ్యాటరీని ఎవరూ వాడకపోయినా అందులోని కరెంటు తనంత తానే జారిపోతూ ఉంటుంది. చిల్లికుండలో నీళ్ల లాగా. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ జారడం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ట్రాక్టరు ఖాళీగా ఉండేది సరిగ్గా ఎండాకాలంలోనే! దానికి తోడు బండిలో గడియారం, పాటల పెట్టె ఉంటే అవి కూడా కొంచెం కొంచెం లాగుతాయి.

అమెరికా, కెనడా దేశాల్లో కొందరికి ఇల్లు లాంటి బండ్లు ఉంటాయి. అందులోనే మంచం, పొయ్యి, దీపాలు. వేసవిలో ఊళ్లు తిరుగుతారు. చలికాలం నాలుగైదు నెలలు మూల పెడతారు. వాళ్లకీ ఇదే చిక్కు. అక్కడ చలికి, ఖాళీ అయిన బ్యాటరీలో నీళ్లు గడ్డకట్టి డబ్బా పగులుతుంది. నిండుగా ఉన్నది అంత సులువుగా గడ్డకట్టదు. అక్కడ చలి శత్రువు. ఇక్కడ ఎండ శత్రువు. మందు మాత్రం ఒక్కటే. నిండుగా ఉంచడం.

బండి ఆపే ముందు ఏం చేయాలి?

ఒకటి: బ్యాటరీని నిండా ఛార్జ్ చేయించాలి.

రెండు: వైర్లు ఊడదీయాలి. ముందు నల్ల వైరు తీయాలి. తరువాత ఎర్ర వైరు. మళ్లీ పెట్టేటప్పుడు ముందు ఎర్రది, చివర నల్లది. ఎందుకు? నల్ల వైరు బండి ఇనుముకి కలిసి ఉంటుంది. అది ఉండగా ఎర్ర వైరు విప్పితే, పానా పొరపాటున ఇనుముకి తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. పని చేసే ముందు చేతి గడియారం, లోహపు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి.

మూడు: కొనల మీద పచ్చగా, తెల్లగా పేరుకున్న పొరను వంట సోడా కలిపిన నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు మూతల లోపలికి పోకూడదు. ఆరాక కొంచెం వాజలైన్ రాయాలి.

నాలుగు: మూతలు తీసే రకమైతే నీళ్లు చూడాలి. పలకలు బయటపడి ఉంటే, అవి మునిగేదాకా మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జ్ చేయాలి. ఛార్జ్ అయ్యాక గీత దాకా నింపాలి. బావి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. వాటిలోని ఉప్పులు లోపలే ఉండిపోయి పలకల్ని పాడుచేస్తాయి. యాసిడ్ కూడా పోయకూడదు.

ఐదు: నీడలో, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టాలి. సిమెంటు గచ్చు కరెంటును పీల్చేస్తుందని చాలామంది అంటారు. పాత కాలపు డబ్బాలు అలాంటివి. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. అయినా చెక్క మీద పెడితే నష్టం లేదు. చెమ్మ తగలదు.

నెలకొకసారి

నెలకొకసారి ఛార్జ్ చేయాలి. గుర్తుండడానికి ఒక ఉపాయం ఉంది. ఆకాశంలో చంద్రుడు నిండిన రోజున ఇంట్లో బ్యాటరీ కూడా నిండాలి.

బ్యాటరీ మీద అంకెలు ఉంటాయి. చదవండి. 12 వోల్టులు, 80 ఏహెచ్ అని ఉందనుకోండి. 80లో పదో వంతు 8. ఛార్జర్‌ను 8 ఆంపియర్ల మీద పెట్టడం మంచిది. పూర్తిగా ఖాళీ అయితే 10 నుంచి 12 గంటలు పడుతుంది.

ఛార్జర్ తీసిన కొన్ని గంటల తరువాత మీటరుతో చూడాలి.

12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉంది.
12.4 ఉంటే ముప్పావు వంతు ఉంది. ఛార్జ్ చేయాలి.
12.2 ఉంటే సగమే ఉంది. ఆలస్యం చేయకూడదు.
12.0 ఉంటే పావు వంతే మిగిలింది.

"అప్పుడప్పుడు ఇంజను ఐదు నిమిషాలు నడిపితే చాలదా?" అని కొందరు అడుగుతారు. చాలదు. ఇంజను లేపడానికే చాలా కరెంటు పోతుంది. ఐదు నిమిషాల్లో అది తిరిగి రాదు. సంపాదన కన్నా ఖర్చు ఎక్కువ అన్నమాట. నడిపితే అరగంటకు తక్కువ కాకుండా దారి మీద నడపాలి.

వలస వెళ్లేవాళ్లకు

శ్రీకాకుళం జిల్లా నుంచి చాలామంది హైదరాబాదు, చెన్నై వెళ్లి పని చేసుకుంటారు. ఇంటికి తాళం, ఆటోకి తాళం. ఇన్వర్టరు మాత్రం అలాగే ఉంటుంది. కరెంటు మీదే వదిలేస్తే నెలల తరబడి నీళ్లు తగ్గిపోతాయి. కట్టేసి వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది. నిండా ఛార్జ్ చేసి, వైర్లు తీసి, బ్యాటరీని బంధువుల ఇంట్లో అప్పగించి వెళ్లాలి. పున్నమికోసారి ఛార్జ్ పెట్టమని చెప్పాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చీకట్లో నిండుగా ఉన్న ఒక్క బ్యాటరీ ఉంటే ఇంట్లో దీపం వెలుగుతుంది, ఫోను మోగుతుంది.

జాగ్రత్త!

ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే గాలి వస్తుంది. దగ్గర బీడీ, చుట్ట, దీపం వద్దు. మూసిన గదిలో ఛార్జ్ పెట్టవద్దు. యాసిడ్ కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. తరువాత ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

పాత బ్యాటరీని ఇంట్లో పగలగొట్టవద్దు. సీసం విషం. పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పాతదాన్ని తిరిగి అంగడిలో ఇవ్వాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. తిరిగి ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

ఇంకో మాట. సెల్‌ఫోన్లో ఉండేది లిథియం బ్యాటరీ. చాలా కరెంటు స్కూటర్లలోనూ అదే. దాన్ని ఎక్కువ రోజులు దాచాలంటే నిండుగా కాదు, సగం ఛార్జ్‌తో చల్లని చోట ఉంచాలి.

మళ్లీ రైతు ఇంటికి

మరుసటి ఏడు రైతు భార్య ఊరుకోలేదు. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. క్యాలెండరులో ప్రతి పున్నమికీ చుట్టూ గీత గీసింది. పక్కన 'బేటరీ' అని రాసింది.

"మావా, రేపు పున్నమి. బేటరీ ఛార్జింగుకి పెట్టు."

"నిన్న కాక మొన్నే కదే పెట్టినాను!"

"మొన్న కాదు మావా, నెలయ్యింది. ఇదిగో, గీత సూడు."

రైతు గీత చూశాడు. నవ్వి లేచాడు.

మృగశిర వచ్చింది. వాన పడింది. రైతు నల్ల వైరు చివరగా బిగించి తాళంచెవి తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది. మధ్యాహ్నానికి పొలం దుక్కి అయిపోయింది. విత్తనాల డబ్బు విత్తనాలకే ఉంది.

చదివారు కదా, చెప్పండి

1. రైతు బ్యాటరీ ఎందుకు చెడిపోయింది?
2. ముందు ఏ వైరు తీయాలి? ఎందుకు?
3. బ్యాటరీలో బావి నీళ్లు ఎందుకు పోయకూడదు?
4. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ వాడకుండా ఉన్న బ్యాటరీ ఉందా? దాని మీది అంకెలు చదివి పలక మీద రాయండి.