శస్త్రము లేని స్థౌల్య చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గాని, అంతకుముందు అవి కృష్ణా మండలపు మెట్టసీమ. వాన కురిసిన యేడు జొన్న సంకటి, కురియని యేడు గంజి. అందుచేతనే యొడలు నిండుగా నున్నవానిని లోకము కలిగినవాడనెను. 1967లో నాగార్జునసాగరము నీరు వదలిరి. ఎడమ కాలువ ఈ మెట్టను చేరెను. వరియన్నము మూడు పూటలకు వచ్చినది. దుక్కికి ట్రాక్టరు, పొలమునకు పోవుటకు మోటారు సైకిలు వచ్చినవి. జమ పెరిగి ఖర్చు తగ్గినచో నిలువ హెచ్చుట పద్దెరిగిన వారికి వింత గాదు. ఆ నిలువ పొట్టచుట్టు కొవ్వైనప్పుడు మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పి దానికి వడ్డీ. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది అధిక బరువువారని తేలినది.

చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున ఎనమండుగురు నిందితులను లెక్కించి, అందు అతిస్థూలునితోబాటు అతికృశుని గూడ చేర్చెను. స్థూలుని చికిత్సయే కష్టతరమనెను. కడుపు నింపియు పుష్టి హెచ్చించని యాహారమును విధించి యవలను, ఉలవలను, పెసలను పేర్కొనెను. ఎంత సూక్ష్మమైన దృష్టి! అయితే ‘నిందితుడు’ అను మాట మాత్రము నేటి వైద్యుడు వాడడు. అది వ్యాధియే కాని తప్పిదము కాదని అతని మతము.

శస్త్రము జోలికి పోని వైద్యుడు ముందు త్రాసు చూడడు, మనిషిని అడుగును. నిద్ర యెంత, ఏ మందులు వాడుచున్నారు, థైరాయిడ్ లోపమున్నదా, పురుడు తరువాత పెరిగెనా అని విచారించును. తరువాత నడుము కొలుచును. పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు హద్దు. ఊరూర ఆశా కార్యకర్త నింపు పత్రమునను ఈ కొలతకు గడి యున్నది. 160 సెంటీమీటర్ల యెత్తువారు 64 కిలోలు తూగినచో, భారతీయుల లెక్కలో స్థూలకాయమునకు గడప తొక్కినట్లే.

పస్తులుండుమని అతడు చెప్పడు. దినమునకు సుమారు 500 కెలోరీలు తగ్గించును. అన్నము సగమై, ఆ చోట కూర, పప్పు, మజ్జిగ చేరును. మిగిలిన యన్నము పారవేయ మనసొప్పక చివర తాను తినెడి యిల్లాలి సంగతి ఇక్కడనే బయటపడును. ఆమెకు పథ్యము వ్రాసి యిచ్చినంత మాత్రమున చాలదు. ఎసట బియ్యము తగ్గించుటకు ఇంటిల్లిపాది ఒప్పుకొనవలెను. వారమునకు 150 నిమిషముల వడి నడక, తిన్నది వ్రాసికొను చిన్న పుస్తకము, వారమున కొకసారి తూకము. 80 కిలోల మనిషి 4 మొదలు 8 కిలోలు తగ్గిననే రక్తమున చక్కెర, పోటు దిగుట మొదలగును. సన్ననివానివలె కనుపించుట యిచట లక్ష్యము కాదు.

వీనివలన చాలనివారికి మందులు గలవు. ప్రేవులనుండి పుట్టు హార్మోనుల ననుకరించి ఆకలి నణచు టిర్జెపటైడ్ సూదిమందు 2025 మార్చిలోను, బరువు తగ్గుటకై సెమాగ్లూటైడ్ అదే యేట జూనులోను భారతదేశమున విక్రయమునకు వచ్చినవి. వారమునకొక సూది. వికారము, వాంతులు కలుగవచ్చును, గర్భిణులకు పనికిరావు, మానినచో తగ్గిన బరువులో చాల భాగము తిరిగి వచ్చును. కనుక దుకాణమున అడిగి కొనదగినవి కావు. సంతలో మూడు వారములలో పది కిలోలు దించెదమని అమ్ము పొడులకు ఈ పాటి పరీక్షయు లేదు. ఇవేవియు చాలక, వ్యాధులు ముదిరిన కొందరికి మాత్రమే వైద్యుడు శస్త్రమునకు పంపును. అప్పుడును పథ్యము, నడక మానుటకు వీలులేదు.