పెద్దప్రేగు క్యాన్సరు — దేహరక్షణశక్తి
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఇంటిలో ఎవరికైనను రాచపుండు అని తేలినంతనే, “రోగనిరోధకశక్తి పెరుగుటకు ఏమి పెట్టవలెను?” అను ప్రశ్న పుట్టును. లేహ్యములు, కషాయములు ఇల్లు చేరును. ప్రశ్న మంచిదే, కాని నేటి వైద్యశాస్త్రమిచ్చు సమాధానము వేరు. పెద్దప్రేగు క్యాన్సరును దృష్టాంతముగా గైకొని దానిని మనవి చేయుదుము.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. 1891లో న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ, రోగికి సూక్ష్మజీవుల నెక్కించి ఆ జ్వరముతో కంతిని కరగించుటకు ప్రయత్నించెను. 1990లో అమెరికాలో, నులిపురుగుల మందైన లెవామిసోలును ఫ్లోరోయురాసిల్‌తో కలిపి, శస్త్రచికిత్స యైన మూడవదశ రోగులకిచ్చుట కనుమతి లభించెను. అది రక్షణశక్తిని లేపునని ఆశించిరి. పిదప ల్యూకోవోరిన్ దాని స్థానము నాక్రమించెను. ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లమునకు రూపాంతరము. ఆ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడు, భీమవరమున పుట్టి మద్రాసులో వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

మరి రక్షణశక్తి యేల ఓడుచున్నది? పలుమారు బలము చాలక కాదు, కళ్లెము పడుటచేత. రక్షకకణములు సొంత దేహమునే గాయపరచకుండుటకై ప్రకృతి వానికి కళ్లెములు తగిలించినది. కంతి వానినే పట్టి లాగును. ఈ మర్మమును ఛేదించిన జేమ్స్ ఆలిసన్, తసుకు హొంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించినది. కళ్లెము విప్పు మందులును వచ్చినవి.

ఐనను ఇవి అందరికిని పనిచేయవు. జన్యులిపిలోని తప్పులను దిద్దు ఏర్పాటు చెడిన కంతులలో తప్పులు పేరుకొని, రక్షకకణములకు శత్రువు స్పష్టముగా కనబడును. పెద్దప్రేగు క్యాన్సరులలో అట్టివి నూటికి సుమారు 15; వ్యాధి ఇతరాంగములకు వ్యాపించిన దశలో సుమారు 5. మూడవదశకు చెందిన అట్టి రోగులు 712 మందిపై జరిగిన పరీక్షాఫలితములు 2025లో వెలువడినవి. శస్త్రచికిత్స పిమ్మట కీమోథెరపీ మాత్రమే పొందినవారిలో, మూడేండ్లకు వ్యాధి తిరుగబెట్టక జీవించియున్నవారు నూటికి 76.6, అటెజోలిజుమాబ్‌ను కూడ జోడించినవారిలో 86.4. రెండు చికిత్సల కలయికకు ఇది గొప్ప నిదర్శనము.

కళ్లెము విప్పిన గుఱ్ఱము దారి తప్పవచ్చును. ఈ మందులవలన ప్రేగులు, ఊపిరితిత్తులు, కాలేయము, థైరాయిడు వాచు ప్రమాదము గలదు.

కావున మన కుటుంబములకు నాలుగు మాటలు. కంతిముక్కపై ఎం.ఎం.ఆర్. పరీక్ష జరిగినదా యని వైద్యుని అడుగుడు. ఆ లోపము కొన్ని వంశములలో పారంపర్యముగా వచ్చును గనుక, తోబుట్టువులకును, బిడ్డలకును పరీక్ష అవసరమేమో తెలిసికొనుడు. లేహ్యమును నమ్మి కీమోథెరపీని మానవలదు, వాడుచున్నదానిని దాచవలదు. మన యిండ్లలో తెలుగు తప్ప వేరు మాట రాని వృద్ధులున్నారు. వైద్యుడు తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో మాటలాడును. రెండు భాషలు తెలిసినవారొకరు తప్పక వెంట నుండవలయును. విరేచనములు, ఆయాసము, జ్వరము కలిగిననాడే ఆ మాట వైద్యుని చెవిని పడవలయును. ఆలస్యమైన మాట ప్రాణమునకే ముప్పు తేగలదు.