యుద్ధ విమానం దిగి సరుకు మోసిన మనిషి

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన మాజీ సైనికుల, యువజనుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగ పాఠము)



సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చినవారి రెండవ జీవితాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. ఉపదేశం చేసేటంతటివాణ్ణి కాను గనుక ఒక మనిషి కథ చెబుతాను. ఆయన పేరు రాబర్ట్ ప్రెస్కాట్. అమెరికా దేశస్థుడు. ఆయనకూ మనకూ ఏమి సంబంధమని మీరడగవచ్చు. సంబంధం ఉంది. అది రంగంలో ఉంది.

రంగమంటే మన ముసలివాళ్ళు రంగూను పట్టణాన్ని పిలిచిన పేరు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి మనవాళ్ళు వేలాదిగా ఓడలెక్కి అక్కడికి పోయేవారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు మనల్ని కోరంగీలనేవారు. మా తాతగారు, ఆయన తమ్ముడు ఆ ఓడరేవులో బియ్యం బస్తాలు మోశారు. "మూట ఎత్తేవాడికి బరువు ఎలాగూ తెలుస్తుంది. ఎత్తించేవాడికి కూడా తెలియాలిరా" అని తాతగారు తరచుగా అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. వీధుల్లోనూ రేవులోనూ జనం చచ్చిపోయారు. ఆ పట్టణాన్ని కాపాడటానికి ఆకాశంలో ఉన్నవి బ్రిటిషువారి కొద్దిపాటి విమానాలు, వాటికి తోడుగా అమెరికన్ వాలంటీర్ గ్రూపు అనే చిన్న దళం. దాని నాయకుడు క్లెయిర్ షెనాల్ట్. విమానం ముక్కున సొరచేప కోరలు చిత్రించుకున్నా, లోకం వారికి పెట్టిన పేరు మాత్రం ఫ్లయింగ్ టైగర్స్, అంటే ఎగిరే పులులు. 1942 జనవరిలో రంగూనుకు వచ్చి చేరిన వారి మొదటి స్క్వాడ్రనులో ప్రెస్కాట్ ఒకడు.

ఆయన 1913లో టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో పుట్టాడు. కాలిఫోర్నియాలో న్యాయశాస్త్రం చదువుతూ మధ్యలో మాని నౌకాదళంలో విమాన చోదకుడయ్యాడు. 1941లో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఈ దళంలో చేరాడు. మన మధ్య దాపరికం వద్దు. వారు ధర్మయుద్ధానికని వచ్చినవారు మాత్రమే కారు. నెలకు 600 డాలర్ల జీతం, కూల్చిన ఒక్కొక్క విమానానికి 500 డాలర్ల బహుమానం ఉండేది. అయినా డబ్బుకోసం వచ్చినవాడి ప్రాణం కూడా ప్రాణమే. ప్రెస్కాట్ ఐదు శత్రు విమానాలను కూల్చినవాడుగా పేరు పొందాడు.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమైంది. అంతకు ముందే మా తాతగారు, ఆయన తమ్ముడు వేలమందితో కలిసి ప్రోము మీదుగా కొండదారి పట్టారు. ఆ దారిలో కలరా వచ్చి మా చిన్నతాత పోయారు. తాతగారొక్కరే ఇల్లు చేరారు.

1942 జూలై 4న వాలంటీరు దళాన్ని రద్దుచేశారు. తరువాత ప్రెస్కాట్ చైనా జాతీయ విమాన సంస్థలో చేరి, అస్సాం నుంచి హిమాలయాల అంచు కొండల మీదుగా చైనాలోని కున్మింగ్‌కు సరుకులు చేరవేశాడు. ఆ దారిని హంప్, అంటే మూపురం అనేవారు. మంచు, తుఫాను, ఎత్తైన కొండలు కలిసి ఎన్నో విమానాలను మింగాయి. పోయేటప్పుడు పెట్రోలు, మందుగుండు. వచ్చేటప్పుడు టంగ్‌స్టన్, తగరం, బ్రష్షులకు పనికివచ్చే పంది వెంట్రుకలు. ఖాళీ విమానం తిరిగివస్తే నష్టమనే పాఠం ఆయన అక్కడే నేర్చుకొని ఉంటాడని నా ఊహ.

యుద్ధం ముగిసే వేళ, 1945 జూన్ 25న, పాత దళంలోని మిత్రులను కొందరిని కూడగట్టి ఆయన ఒక సరుకు రవాణా కంపెనీ పెట్టాడు. చోదకులు తమ పొదుపు సొమ్ము వేశారు. శామ్యూల్ మోషర్ అనే చమురు వ్యాపారి, ఆయన స్నేహితులు అంతకు అంత పెట్టారు. కానెస్టోగా అనే మిగులు యుద్ధ విమానాలు 14 కొన్నారు. అల్యూమినియం కొరత వస్తుందని వాటిని స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టారు. వెనుక తలుపు దింపితే లోపలి నేల లారీ ఎత్తుకు సమానంగా ఉండేది. లారీని ఆనించి సరుకు నేరుగా ఎక్కించవచ్చు. కాలిఫోర్నియా పూలూ పళ్ళూ తూర్పు పట్టణాలకు పోయేవి. తరువాత కంపెనీ పేరు ఫ్లయింగ్ టైగర్ లైన్ అయింది.

ప్రయాణికుడైతే తానే నడిచివచ్చి కూర్చుంటాడు, మళ్ళీ ఇంటికి తిరిగివస్తాడు. సరుకు తిరిగిరాదు. పూలు తూర్పుకు పోతాయి గాని పూలు పడమటికి రావు. కనుక తిరుగు ప్రయాణానికి వేరే సరుకు వెదకాలి. బరువు ముందుకో వెనకకో ఎక్కువైతే విమానం నిలవదు. దూది వంటిది చోటు తింటుంది, ఇనుము వంటిది బరువు తింటుంది. ఇవన్నీ లెక్క చూడగల మేనేజరుంటేనే కంపెనీ బ్రతుకుతుంది. యుద్ధం తరువాత అలాంటి కంపెనీలు చాలా పుట్టాయి, చాలా పోయాయి. ప్రెస్కాట్ కంపెనీ నిలిచింది. అమెరికాలో ఖండానికి ఈ చివర నుంచి ఆ చివరకు సరుకు మాత్రమే మోసే షెడ్యూలు సర్వీసుకు 1949లో దానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1961లో తోక భాగం తలుపులా పక్కకు తెరుచుకునే సి.ఎల్. 44 విమానాలు వచ్చాయి. పొడవైన యంత్రాలు కూడా తిన్నగా లోపలికి పోయేవి.

ఇంతవరకు విజయగాథ. ఇక్కడే ఆపితే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

1962 మార్చిలో ఆ కంపెనీ విమానమొకటి గువామ్ ద్వీపం నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. అందులో వియత్నాం పోతున్న అమెరికన్ సైనికులు 93 మంది, వియత్నాం వారు ముగ్గురు, సిబ్బంది 11 మంది, మొత్తం 107 మంది ఉన్నారు. అది గమ్యం చేరలేదు. సముద్రం మీద పెద్ద ఎత్తున గాలించారు. ఒక్క ముక్క కూడా దొరకలేదు. దాదాపు అదే సమయంలో అదే కంపెనీ విమానం మరొకటి అలాస్కా వైపు అడాక్ ద్వీపంలో కూలి, సిబ్బందిలో ఒకరు చనిపోయారు. విద్రోహం కావచ్చునని కంపెనీ అధికారులన్నారు. రుజువు లేదు. కారణం తేల్చలేమని విచారణ సంఘం రాసింది.

సహోదరులారా, యుద్ధంలో చోదకుడు తన ఒక్క ప్రాణం చేతపట్టుకొని ఎగురుతాడు. కుర్చీలో కూర్చున్నవాడు ఇతరుల ప్రాణాలను పంపుతాడు. రెండవది తేలిక అనుకుంటాం. కొండదారిలో తమ్ముణ్ణి వదలివచ్చిన మా తాతగారికి సమాధి చూపడానికి చోటు లేదు. ఆ 107 మంది తల్లులకూ భార్యలకూ లేదు. తాతగారి మాట నాకు పూర్తిగా అర్థమైనది ఈ సంగతి చదివిన రోజున. ఎత్తించేవాడికి బరువు తెలియాలి.

ప్రెస్కాట్ చివరి వరకు ఆ కంపెనీని వదలలేదు. 1978 మార్చిలో మరణించాడు. 1989లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ దానిని కొని తనలో కలుపుకొన్నది. పులుల పేరు విమానాల మీద నుంచి చెరిగిపోయింది. ఆ 107 మంది పేర్లు చెక్కిన స్మారక శిల ఒకటి 2021లో, అంటే 59 ఏళ్ళకు, మెయిన్ రాష్ట్రంలో వెలసింది.

మాజీ సైనిక సోదరులారా, మీలో కొందరు వాచ్‌మన్లుగా ఉన్నారు, కొందరు లారీ ఆఫీసులు నడుపుతున్నారు. మెడల్సు పెట్టెలో పెట్టి మూటలు మోయవలసి వచ్చిందని చిన్నబుచ్చుకోకండి. శత్రువును కూల్చి పేరు తెచ్చుకున్నవాడు ముప్పైమూడేళ్ళు పూలూ పళ్ళూ యంత్రాలూ మోయించి బ్రతికాడు. మోసే పనికి తక్కువ లేదు. అయితే రేపు మీ కింద పదిమంది పనిచేసే రోజు వస్తే, లారీ పంపేముందు ఒకసారి బ్రేకులు చూడండి. డ్రైవరు నిద్రపోయాడా అని అడగండి. ఇంటివద్ద వాడికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో తెలుసుకోండి.